స్కోరు పెరిగింది, లెవెల్ తగ్గింది: మా పాప లెక్కల్లో వెనకబడిందా?

ఈసారి ఉత్తరం కాలిఫోర్నియా నుంచి వచ్చింది. రాసిన అమ్మ తన పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, అందుకని సారాంశం చెప్తాను.

వాళ్ల పాప ఐదో తరగతి పూర్తి చేసింది. అక్కడ మూడో తరగతి నుంచి ఎనిమిది దాకా ఏటా, మళ్లీ పదకొండులో ఒకసారి, రాష్ట్రమంతా పిల్లలు రాసే పరీక్ష ఉంటుంది. నిరుడు నాలుగో తరగతిలో లెక్కల్లో పాపకి 2552 వచ్చింది, అది లెవెల్ 4, అంటే అన్నిటికన్నా పై మెట్టు. ఈ ఏడాది పరీక్ష రెండో రోజు ఇంటికొచ్చి బ్యాగు పడేసి ఏడ్చిందట. "అన్నీ కష్టమైనవే వచ్చాయి అమ్మా, ఒకటి చేసేలోపు ఇంకా కష్టమైనది వస్తోంది, నా పక్కనమ్మాయి మాత్రం ఈజీ ఈజీ అంటూ ముందే అయిపోగొట్టింది" అని. వేసవిలో రిపోర్టు వచ్చింది. 2561, లెవెల్ 3.

అప్పటినుంచి ఇంట్లో టెన్షన్. టెక్సస్‌లో ఉండే బావగారి అబ్బాయికి అక్కడి స్టార్ అనే రాష్ట్ర పరీక్షలో "మాస్టర్స్", అంటే అక్కడి పై మెట్టు, వచ్చిందని ఫోన్‌లో తెలిసింది, ఆ రాత్రే మావారు ఒక ఆన్‌లైన్ ప్రాక్టీస్ ప్రోగ్రామ్‌కి డబ్బు కట్టేశారు, రోజూ గంట అని టైమ్‌టేబుల్ వేశారు అని రాశారు. స్కూల్లో ఏడాదికి మూడుసార్లు పెట్టే మ్యాప్ టెస్టులో మాత్రం పాప పర్సంటైల్ శరదృతువులో 84, ఎండాకాలం ముందు 82, పెద్ద తేడా లేదు. ఆరో తరగతిలో అడ్వాన్స్‌డ్ మ్యాథ్ సెక్షన్‌కి పిల్లల్ని ఎంచే పని ఇప్పుడు జరుగుతోంది, రాష్ట్ర పరీక్ష స్కోరు కూడా చూస్తామని స్కూలు వాళ్లు ఈమెయిల్ పంపారు. ఇవన్నీ ఒక ఎత్తు, పాప నిన్న అన్న మాట ఒక ఎత్తు: "వచ్చే ఏడాది మొదటి అయిదు కావాలనే తప్పు పెడతాను, అప్పుడు నాకూ ఈజీవి వస్తాయి."

ఆవిడ అడిగినవి ఇవీ. పక్కపక్కన కూర్చున్న పిల్లలకి వేర్వేరు ప్రశ్నలిచ్చి ఒకే కొలమానం మీద పెట్టడం న్యాయమేనా? పాపకి పై తరగతి ప్రశ్నలు ఇచ్చారా? నిజంగా వెనకబడిందా? వచ్చే ఏడాది ఈ పరీక్ష మాన్పించేయొచ్చా?

అమ్మా, ముందు పాప ఏడుపు సంగతి మాట్లాడుకుందాం, స్కోరు తర్వాత. ఎందుకంటే ఆ ఏడుపుకి కారణం పాప లెక్కల్లో లేదు, ఆ పరీక్ష ఎలా పనిచేస్తుందో ఎవరూ ఆ పిల్లకి ముందుగా చెప్పకపోవడంలో ఉంది.

మీ రాష్ట్రంలో 2013 దాకా పెట్టిన పాత పరీక్ష కాగితం మీద ఉండేది, ఆ తర్వాత వచ్చిన ఇప్పటి పరీక్ష స్మార్టర్ బ్యాలెన్స్‌డ్ అనే రాష్ట్రాల కూటమి తయారు చేసింది. 2015 వసంతం నుంచి నడుస్తోంది. ఇందులో పెద్ద భాగం కంప్యూటర్ అడాప్టివ్ టెస్టు. పిల్ల సరిగ్గా చేస్తే తర్వాత కొంచెం కష్టమైనది ఇస్తుంది, తప్పు చేస్తే కొంచెం తేలికైనది ఇస్తుంది, అలా ప్రతి జవాబుకీ తన అంచనా మార్చుకుంటూ, పిల్లకి సగం సగం అవకాశం ఉన్న ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. తెలిసే ప్రశ్న అడిగితే కంప్యూటర్‌కి కొత్త సంగతేమీ తెలియదు, అసలే రాని ప్రశ్న అడిగినా అంతే. వస్తుందో రాదో అన్నట్టుండే చోటే పిల్ల స్థాయి బయటపడుతుంది. అంటే లెక్కలు బాగా వచ్చిన పిల్లకి పరీక్ష కష్టంగా అనిపించడం ఆ పరీక్ష సరిగ్గా నడుస్తోందనడానికి గుర్తు. ఏడాది పొడుగునా క్లాసులో పదికి తొమ్మిది తెచ్చుకునే పిల్లకి ఒక్కసారిగా రెండిట్లో ఒకటి రాకుండా పోతుంటే గుండె జారిపోదూ? పెద్దవాళ్లమైనా జారుతుంది.

పక్కనమ్మాయికి తేలికైనవి వచ్చాయంటే ఆమె తక్కువదనీ కాదు, ఎక్కువదనీ కాదు, ఆ రోజు ఆమె జవాబుల్ని బట్టి ఆమెకి అవి వచ్చాయి. పదేళ్ల పిల్లలు "నీకు ఏవి వచ్చాయి, నాకు ఏవి వచ్చాయి" అని పోల్చుకోకుండా ఉండరు. కానీ ఈ పరీక్షలో ఎన్ని కరెక్టు అయ్యాయన్నది లెక్క కాదు, ఎంత కష్టమైనవి కరెక్టు అయ్యాయన్నది లెక్క. ఆ అమ్మాయికి మీ పాపకన్నా ఎక్కువ ప్రశ్నలు కరెక్టయి, స్కోరు మాత్రం తక్కువ వచ్చి ఉండొచ్చు.

ఇంకో సంగతి. ప్రతి పిల్ల టెస్టులోనూ కొన్ని ప్రశ్నలు ముందుముందు వాడటానికి ప్రయోగంగా పెట్టినవి ఉంటాయి. వాటికి స్కోరు ఉండదు. పాపని ఏడిపించిన ప్రశ్నల్లో అలాంటివి ఒకటో రెండో ఉండి ఉంటే ఆశ్చర్యం లేదు, ఏవి అన్నది మాత్రం ఎవరికీ చెప్పరు.

దీన్ని పాపకి ఎలా చెప్పాలంటారా? హైజంప్ చూపించండి. కర్ర దూకిన ప్రతిసారీ పైకి పెడతారు, ఛాంపియన్‌తో సహా చాలామందికి ఆట కర్ర పడగొట్టడంతోనే ముగుస్తుంది, ఎంత ఎత్తు దాటారన్నదే రాసుకుంటారు. "నువ్వు పడగొట్టిన కర్ర ఎంత పైన ఉందో చూడు" అంటే పదేళ్ల పిల్లకి చాలు. స్కూళ్లు పరీక్షకి ముందు రోజు పిల్లలందరికీ ఈ ఒక్క ముక్క చెప్పాలని నేను గట్టిగా కోరుకుంటాను. కంప్యూటర్లో గీత ఎలా గీయాలో, కాలిక్యులేటర్ ఎక్కడుందో నేర్పుతారు, "నీకు సగం రాకపోవచ్చు, అది మామూలే" అని చెప్పడం మర్చిపోతారు. పైగా పిల్లలు ముందుగా చేసే ప్రాక్టీస్ టెస్టు అడాప్టివ్ కాదు, అందరికీ ఒకే పేపరు. అది చేసి "బానే ఉంది" అనుకుని వెళ్లిన పిల్లకి అసలు పరీక్ష ఇంకో రకంగా తగులుతుంది.

ఇప్పుడు న్యాయం సంగతి. వేర్వేరు ప్రశ్నలకి ఒకే కొలమానమా అన్న మీ అనుమానం చాలామందికి వచ్చేదే. ప్రతి ప్రశ్న ఎంత కష్టమో ముందే పిల్లల మీద పెట్టి చూసి కొలుస్తారు, ఈ పరీక్ష మొదలవడానికి ముందు 2014లో 40 లక్షలకు పైగా పిల్లలతో ఫీల్డ్ టెస్టు చేశారు. ఆ కొలతలు చేతిలో ఉన్నాక ఎవరికి ఏ ప్రశ్నలు పడినా ఒకే స్కేలు మీదకి తేవచ్చు. ఇప్పుడు మన దగ్గర ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) షిఫ్టుల్లో పెట్టి నార్మలైజేషన్ చేస్తున్నారు కదా, ఆ అవసరమే ఇక్కడ పిల్ల పిల్లకీ వచ్చిందనుకోండి, లెక్క కట్టే పద్ధతి వేరు. కష్టం ఒక్కటే చూసి ప్రశ్నలు ఇచ్చేయడం కూడా కాదు, భిన్నాలు ఇన్ని, జ్యామితి ఇంత అని ప్రతి పిల్లకీ పాఠాల వాటా సమానంగా ఉండేలా చూస్తుంది. అందరికీ ఒకే పేపరు ఇచ్చినప్పుడు ప్రశ్నల్లో ఎక్కువ భాగం మధ్యస్థంగా ఉంటాయి, బాగా పైన ఉన్న పిల్లనీ, బాగా కింద ఉన్న పిల్లనీ అది సరిగ్గా కొలవలేదు. అడాప్టివ్ వచ్చింది ఆ లోటు తీర్చడానికే. లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఈ పరీక్ష ప్రశ్నల నిల్వలో తేలికైనవి తక్కువ, కష్టమైనవి ఎక్కువ, అందుకని బాగా వెనకబడ్డ పిల్లలకి తగినంత తేలికైన ప్రశ్నలు దొరకక, వాళ్లకి సగం కూడా రాకుండా పోతాయి. నాకు దీనిమీద ఉన్న అసలు బాధ అది. మీ పాప సమస్య అది కాదు కాబట్టి ఇక్కడికి ఆపుతాను.

పై తరగతి ప్రశ్నలు ఇచ్చారా అంటే, ఇచ్చి ఉండే అవకాశం ఉంది. అమెరికా పాత విద్యా చట్టం ఉన్న రోజుల్లో రాష్ట్ర పరీక్షలో ఆ తరగతి ప్రశ్నలే ఉండాలని కేంద్రం పట్టుబట్టేది, దానివల్ల ముందుగా అడాప్టివ్ పరీక్షలు మొదలుపెట్టిన రాష్ట్రాలు ఇబ్బంది పడ్డాయి కూడా. 2015 చివర్లో వచ్చిన ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ యాక్ట్ దీన్ని సడలించింది. ముందు పిల్ల తన తరగతి స్థాయిలో ఎక్కడుందో తేల్చాలి, ఆపైన కావాలంటే పై తరగతివీ కింది తరగతివీ అడగొచ్చు. కాబట్టి పరీక్షలో చాలా భాగం ఐదో తరగతిదే. బాగా చేస్తున్న పిల్లకి చివరి వైపు పైవి తగిలి ఉండొచ్చు, తగిలితే అది శిక్ష కాదు.

ఇక స్కోరు. మీరు పంపిన రెండు అంకెల్ని ఆ స్కేలు గీతల పక్కన పెట్టి చూశాను. మీవారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ఈ స్కేలు మూడో తరగతి నుంచి పదకొండు దాకా ఒక్కటే, పిల్ల ఎదిగేకొద్దీ అంకె పైకి వెళ్లాలి. లెవెల్ గీతలు మాత్రం ఏ తరగతికి ఆ తరగతివి. లెక్కల్లో నాలుగో తరగతి లెవెల్ 4 గీత 2549. పాపకి వచ్చింది 2552. అంటే నిరుడు మీరంతా స్వీట్లు పంచుకున్న ఆ లెవెల్ 4 మూడంటే మూడు పాయింట్ల మీద వచ్చింది. ఐదో తరగతిలో లెవెల్ 4 గీత 2579కి జరిగింది, పాపకి 18 తక్కువయ్యాయి. లెవెల్ 3 గీత 2528, దానికన్నా పాప 33 పైన ఉంది. ఇలాంటి స్కోరు దేనికైనా అటూ ఇటూ కొంత పొరపాటు పరిధి ఉంటుంది, అదే పిల్ల వారం తర్వాత మళ్లీ రాస్తే అచ్చంగా అదే అంకె రాదు. మీ రిపోర్టులో స్కోరు పక్కన చిన్న గీతలాగో, "ఇంత నుంచి ఇంత" అనో చూపించారేమో చూడండి. ఆ పరిధిని దృష్టిలో పెట్టుకుంటే నిరుడు పాప లెవెల్ 4 అని ఢంకా బజాయించడానికీ వీల్లేదు, ఈ ఏడాది లెవెల్ 3కి పడిపోయిందని కుమిలిపోవడానికీ వీల్లేదు. రెండేళ్లూ గీతకి దగ్గర్లోనే ఉంది. గీతే జరిగింది.

అలాగని "ఏమీ లేదు, అంతా బానే ఉంది" అని మీకు సర్ది చెప్పి పంపను, అది మీకు మేలు చేయదు. ఏడాదిలో పెరిగింది 9 పాయింట్లు. నాలుగు నుంచి ఐదుకి లెవెల్ 4 గీత 30 జరిగింది, లెవెల్ 3 గీత 43 జరిగింది. వాటితో పోలిస్తే 9 తక్కువే. పొరపాటు పరిధి వల్ల కొంత అలా కనిపించి ఉండొచ్చు, కన్నీళ్లు పెట్టుకుని రాసిన రెండో రోజు వల్ల కొంత, పాఠం వల్ల కూడా కొంత అయి ఉండొచ్చు. నా దృష్టి పాఠం మీదకి వెళ్తోంది. నాలుగో తరగతి లెక్కల్లో భిన్నాలంటే ముఖ్యంగా ఒకే హారం ఉన్నవి కూడటం, తీసేయడం. ఐదులో హారాలు వేరైన భిన్నాలు, భిన్నాన్ని భిన్నంతో గుణించడం, దశాంశాలు, ఘనపరిమాణం అన్నీ ఒక్కసారి మీద పడతాయి. గుణకారాలు వేగంగా చేసి పేరు తెచ్చుకున్న పిల్లలు చాలామంది ఇక్కడ మొదటిసారి తడబడతారు, ఎందుకంటే ఇక్కడ వేగం పనికిరాదు, మూడింట రెండు వంతుల్లో నాలుగో వంతు అంటే ఏమిటో బొమ్మ మనసులో కట్టుకోవాలి. పాపని ఒక రోజు తీరిగ్గా పక్కన కూర్చోబెట్టుకుని ఒక భిన్నాల లెక్క ఇచ్చి, జవాబు కాకుండా ఎందుకలా వచ్చిందో చెప్పమనండి. బొమ్మ గీసి చెప్పగలిగితే మీకు దిగులు అక్కర్లేదు. పద్ధతి మాత్రం చెప్పి కారణం చెప్పలేకపోతే ఎక్కడ పని చేయాలో మీకు తెలిసిపోయింది.

మ్యాప్ పర్సంటైల్ కూడా మీకు అనుకూలంగానే ఉంది. అదీ అడాప్టివే, పిల్లకి దాదాపు సగం కరెక్టయ్యేలా నడుస్తుంది, ఏడాదికి మూడుసార్లు పెడుతున్నారు. 84 నుంచి 82 అంటే దేశంలో ఆ తరగతి పిల్లలతో పాటే పాపా ఎదిగింది, జారలేదు. రెండు పరీక్షలూ వేర్వేరు సంస్థలవి, స్కేళ్లు వేరు, ఒకదాని అంకెని ఇంకోదాంట్లోకి మార్చొద్దు. రెండూ కలిపి చూస్తే నాకు కనిపించేది, పాప నిరుడున్నంత బలంగానే ఉంది, ఎక్కడో ఒక చోట కొంచెం పట్టు కావాలి.

టెక్సస్ అబ్బాయి గురించి మీవారికి ఇలా చెప్పండి. టెక్సస్ ఈ కూటమిలో లేదు, అక్కడి పాఠ్యాంశాలు వేరు, స్టార్ పరీక్ష మీ పాప రాసినట్టు ప్రశ్న ప్రశ్నకీ మారేది కాదు, "మాస్టర్స్" గీత ఎక్కడ పెట్టాలన్నది వాళ్ల రాష్ట్రం నిర్ణయం. ఆ అబ్బాయి బాగా చదువుతున్నాడు, సంతోషం. దానికీ మీ పాప 2561కీ ఏ సంబంధమూ లేదు.

ఇక మీ ముందున్న దారులు.

డబ్బు కట్టిన ప్రోగ్రామ్‌ని కొనసాగించడం ఒకటి. అందులో తప్పేమీ లేదు, కానీ ఆ ప్రోగ్రామ్ కూడా అడాప్టివే అని మీరు రాశారు. అంటే పాప రోజూ గంట సేపు సగం తప్పులతో కూర్చుంటుంది, పైన ఒక స్కోరు కదులుతూ ఉంటుంది, నాన్న సాయంత్రం వచ్చి ఆ స్కోరు చూస్తాడు. పరీక్ష రోజు వచ్చిన ఏడుపు రోజువారీ అయిపోయే ప్రమాదం ఉంది. కొనసాగించాలనుకుంటే వారానికి రెండు మూడు రోజులు, ఇరవై నిమిషాలు, అదీ భిన్నాల భాగం మాత్రమే, మీ ఇద్దర్లో ఒకరు పక్కన కూర్చుని. స్కోరు కనపడే పేజీ ఎవరూ తెరవకూడదు, నాన్నతో సహా. మానేస్తే డబ్బు పోతుంది, పాపకి వేసవి మిగులుతుంది. నేనైతే మొదటిదాన్ని తగ్గించి చేస్తాను, ఎందుకంటే ఒక్కసారిగా ఆపేస్తే "నా వల్ల కాదని ఆపేశారు" అని పిల్ల అనుకోవచ్చు. మీ పాప ఎలాంటిదో మీకే తెలుసు.

పరీక్ష మాన్పించడం రెండోది. కాలిఫోర్నియాలో ఆ హక్కు మీకుంది. ఎడ్యుకేషన్ కోడ్ 60615 ప్రకారం తల్లో తండ్రో ఏటా రాతపూర్వకంగా స్కూలుకి ఇస్తే పిల్లని మినహాయించాలి, కారణం చెప్పనక్కర్లేదు. స్కూలు వాళ్లు తమంతట తాముగా మాన్పించమని ప్రోత్సహించకూడదు, మీరు అడిగితే మాత్రం ఒప్పుకోవాలి. దానివల్ల ఏమవుతుందంటే, స్కూల్లో 95 శాతం మంది రాయాలన్న కేంద్ర నిబంధన ఉంది కాబట్టి ఎక్కువమంది మానేస్తే స్కూలుకి ఇబ్బంది, మీ ఒక్కరితో కాదు. సెక్షన్లు ఎంచేటప్పుడు పాప దగ్గర ఒక ఆధారం తగ్గుతుంది, అది లాభమో నష్టమో మీ స్కూల్ డిస్ట్రిక్ట్ పద్ధతిని బట్టి. నాకు వీటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇంకోటి: ఏడ్చింది కాబట్టి మాన్పించారు అన్నది పాప మనసులో ఎలా నిలుస్తుంది? ఆరోగ్య సమస్యో, పరీక్షల ముందు రోజుల తరబడి నిద్ర తిండి లేకపోవడమో ఉంటే నేనే మాన్పించమంటాను. ఒక సాయంత్రం ఏడుపుకి మాత్రం అనను. రేపు హైస్కూలుకి వెళ్లాక కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్ఏటీ కూడా ఇలాంటిదే, అమెరికాలో 2024 మార్చి నుంచి మొదటి భాగంలో ఎలా చేశారన్న దాన్ని బట్టి రెండో భాగం మారుతోంది. కష్టమైన ప్రశ్న వచ్చినప్పుడు భయపడకుండా ఉండటం ఎప్పుడో ఒకప్పుడు నేర్చుకోవాలి, పదకొండేళ్ల వయసులో నేర్చుకుంటే సులువు. నిర్ణయం ఇప్పుడే చేయకండి, ఇంకా చాలా నెలలుంది.

"మొదటి అయిదు తప్పు పెడతాను" అన్న మాటకి కోప్పడకండి. నిజానికి ఆ పిల్ల పరీక్ష ఎలా నడుస్తుందో తనంతట తానే కనిపెట్టింది, అది తెలివే, ఆ మాట పాపతో అనండి కూడా. తర్వాత ఏం జరుగుతుందో చెప్పండి. తప్పులు పెడితే కంప్యూటర్ కిందికి దింపి తేలికైనవి ఇస్తుంది, పాప అవి టకటకా చేస్తుంది, మెల్లగా మళ్లీ పైకి తెస్తుంది. కానీ చివర్లో స్కోరు కట్టేటప్పుడు అన్ని జవాబులూ లెక్కలోకి వస్తాయి, ఆ అయిదు తప్పులతో సహా, పైగా పైకి రావడానికి చాలా ప్రశ్నలు ఖర్చయిపోతాయి కాబట్టి తనకి నిజంగా వచ్చిన కష్టమైన లెక్కలు చూపించే చోటు తగ్గిపోతుంది. తేలికైన పరీక్ష వస్తుంది, తేలికైన పరీక్షకి తగ్గ స్కోరూ వస్తుంది.

మీ వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్న "మొదటి అయిదు ప్రశ్నలే జాతకం రాస్తాయి, టైమంతా అక్కడే పెట్టండి" అన్న మెసేజ్ కూడా ఇదే కోవలోది. మొదటివాటికి కంప్యూటర్ అంచనా ఎక్కువ ఊగుతుంది, అది నిజం, ఎందుకంటే అప్పటికి దానికి ఏమీ తెలియదు. ఆ తర్వాత వచ్చే జవాబులు సరిదిద్దుతాయి. ఈ పరీక్షకి టైమ్ లిమిట్ కూడా లేదు, కాబట్టి టైమ్ అంతా ఒకచోట పెట్టడమన్న మాటకే అర్థం లేదు. పాపకి పనికొచ్చే సంగతులు వేరే ఉన్నాయి. ప్రశ్నకి ఏదో ఒక జవాబు ఇవ్వకుండా ముందుకి వెళ్లనివ్వదు. అనుమానం ఉన్నదానికి గుర్తు పెట్టుకుని ఆ భాగం ముగిసేలోపు వెనక్కి వచ్చి మార్చుకోవచ్చు. మధ్యలో టెస్టు ఆపి 20 నిమిషాలు దాటితే మాత్రం పాత ప్రశ్నలకి తిరిగి వెళ్లలేదు. మీ పాప రెండో రోజు ఏడ్చినప్పుడు మధ్యలో బయటికి వెళ్లిందా, ఎంతసేపు? టీచర్‌ని అడగండి. అలా జరిగి ఉంటే ఆ రోజు జవాబుల మీద దాని నీడ పడి ఉండొచ్చు, సెక్షన్ నిర్ణయించేవాళ్లకి ఆ సంగతి తెలియడం మంచిది.

అన్నిటికన్నా తొందరపడాల్సింది ఆరో తరగతి సెక్షన్ విషయం. పెద్ద పరిణామం ఉన్నది ఇక్కడే, మిగతా అంతా ఇంట్లో సర్దుకునేది. కాలిఫోర్నియాలో తొమ్మిదో తరగతిలోకి వెళ్లే పిల్లల లెక్కల సెక్షన్ గురించి 2015లో ఒక చట్టం చేశారు, ఒక్క పరీక్ష మీద కాకుండా ఒకటికన్నా ఎక్కువ ఆధారాలు చూడాలి, పద్ధతి అందరికీ తెలిసేలా ఉండాలి, తల్లిదండ్రులు ప్రశ్నించే దారి ఉండాలి అని. ఆరో తరగతికి ఆ చట్టం వర్తించదు, మీ డిస్ట్రిక్ట్ పద్ధతే. అయినా అదే స్ఫూర్తితో అడగడంలో తప్పులేదు. రాష్ట్ర పరీక్ష స్కోరుకి ఎంత వెయిటేజీ, లెవెల్ చూస్తారా స్కోరు చూస్తారా, మ్యాప్ చూస్తారా, టీచర్ మాటకి ఎంత విలువ, ఇప్పుడు రాకపోతే ఏడో తరగతిలో మళ్లీ అవకాశం ఉందా. లెవెల్ చూస్తామంటే 2561 గీతకి 18 దూరంలో ఉందని, మ్యాప్ 82 అని, రెండూ రాసి పంపండి. దబాయింపుగా వద్దు, అడుగుతున్నట్టు రాయండి.

వాళ్లు తీసుకుంటే వెళ్లమనండి. భిన్నాల దగ్గర పట్టు లేదని మీకు ఆ ఇంటి లెక్కలో తేలితే మాత్రం ఒకసారి ఆలోచించండి, ఎందుకంటే అడ్వాన్స్‌డ్ సెక్షన్లో ఆరు ఏడు తరగతుల పాఠాలు కలిపి పరిగెత్తిస్తారు, నిష్పత్తులూ శాతాలూ అన్నీ భిన్నాల మీదే నిలబడతాయి. మామూలు సెక్షన్లో ఏడాది ఉండి ఏడులో మారడం అవమానమేమీ కాదు, గట్టి పునాదితో ఆలస్యంగా వెళ్లిన పిల్లలు చక్కగా నిలబడతారు. తీసుకోకపోతే అప్పీలు చేయాలా వద్దా అన్నది పాపని కూడా అడిగి నిర్ణయించండి. పదకొండేళ్ల పిల్లకి దానిమీద ఒక అభిప్రాయం తప్పకుండా ఉంటుంది, మీ ఉత్తరంలో ఎక్కడా "పాప ఏమంటోందంటే ఆ సెక్షన్ కావాలంటోంది" అని గానీ "వద్దంటోంది" అని గానీ లేదు.

స్కూలుకి ఈమెయిల్ ఈ వారమే పంపండి, జాబితా తయారయ్యాక అడిగితే వాళ్లకీ మార్చడం కష్టం. టీచర్‌కి రాసే రెండు ముక్కలు కూడా అందులోనే కలపండి: పరీక్ష రెండో రోజు ఏం జరిగింది, భిన్నాల్లో పాప క్లాసులో ఎలా ఉండేది. జవాబు వచ్చాక ఇంకా గందరగోళంగా ఉంటే మళ్లీ రాయండి, ఆ రిపోర్టు మొదటి పేజీ కూడా పాప పేరు చెరిపేసి పంపండి.